ఎదురు ప్రశ్నలు వేసే గుమస్తా

డ్రోన్ పైలట్ అనగానే జనం ఆకాశం వైపు చూస్తారు. మా అసలు బతుకు కాగితాల్లో ఉంటుంది. ఒంగోల్లో, జీతమిచ్చే కంపెనీ ఏదీ లేకుండా, ఒక సర్వే డ్రోనూ ఒక మందు కొట్టే డ్రోనూ పెట్టుకుని నెట్టుకొచ్చే నాలాంటివాడికి యంత్రం గాల్లో ఉన్నంతసేపూ హాయే. దించాక మొదలవుతుంది అసలు సంగతి. కొటేషను, ప్రపోజలు, రిస్క్ అసెస్‌మెంటు, పోలీస్ స్టేషనుకు అర్జీ, ఇన్సూరెన్స్ కాపీ, ఫ్లైట్ లాగు, బ్యాటరీ లాగు, ఇన్వాయిసు, ఆ ఇన్వాయిసు డబ్బుల కోసం మళ్లీ ఇంకో ఉత్తరం. ఈ మొత్తం గోలను ఈమధ్యే ఏఐ చేతిలో పెట్టాను. పెట్టిన దగ్గర్నుంచి కనిపించినవాళ్లందరికీ ఇదే కథ. మా ఆవిడ ఇప్పటికే చెవులు మూసుకుంటోంది. మీరైనా వినండి.

ప్రభుత్వాన్ని అనడానికేం లేదు. 2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ మా నెత్తి మీద బరువు చాలా దించాయి. అంతకుముందు 25 ఫారాలుండేవి, వాటిని 5 చేశారు. 72 రకాల ఫీజుల్ని 4కి కుదించారు. రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఒకసారి చేతికొస్తే పదేళ్లు చెల్లుతుంది. డ్రోనుకు యూఐఎన్ అనే గుర్తింపు నంబరు తీసుకోవడం కూడా ఆన్‌లైన్లో అయిపోతుంది. మమ్మల్ని చంపేది సర్కారు కాగితం కాదు, క్లయింటు కాగితం. పెద్ద కంపెనీ అయితే దానికో మనిషి ఉంటాడు, టెంప్లేట్లుంటాయి, చివర్లో లోగో కొట్టి పంపిస్తారు. నాకు ఇరవై నిమిషాల్లో గుట్టంతా స్కాన్ చేయడం వచ్చు. ఆ గుట్టను ఎలా స్కాన్ చేస్తానో నాలుగు పేజీల ఇంగ్లిషులో రాయమంటే మాత్రం పెన్ను కదిలేది కాదు.

దారి చూపించింది మా బావమరిది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కుర్రాడు. పండక్కి వచ్చి నా లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. నేను ఇంగ్లిషులో టైపు చేయడానికి తంటాలు పడుతుంటే, "బావా, టైప్ చేయొద్దు. ఫోన్ తీసుకుని మాట్లాడు. నాతో చెప్పినట్టే తెలుగులో చెప్పు" అన్నాడు. చాట్‌జీపీటీ, జెమినీ, క్లాడ్ లాంటిది ఏదైనా పర్లేదట, అన్నీ మాట చెబితే వింటాయట. నేను నమ్మలేదు. మన మాట, అందులోనూ మా ఒంగోలు యాస, ఎక్కడో ఉన్న కంప్యూటరుకేం అర్థమవుతుంది?

అర్థమైంది! అంతకంటే పెద్ద ఆశ్చర్యం ఆ తర్వాత వచ్చింది.

అప్పటికి చేతిలో ఉన్న పని చీమకుర్తిది. గెలాక్సీ గ్రానైట్ పేరు తెలియనివాళ్లు ఉండరు. నల్లరాయి మీద బంగారు చుక్కలు మెరుస్తుంటాయే, అదే. ఆ రాయి తీశాక మిగిలే వ్యర్థం క్వారీ పక్కన కొండలా పేరుకుంటుంది. ఒక క్వారీ మేనేజర్ గారు ఫోన్ చేసి, "అబ్బాయ్, మా డంపు ఎన్ని క్యూబిక్ మీటర్లుందో లెక్క కావాలి. కొటేషనొకటి పెట్టు, ఓనరు గారికి చూపిస్తా" అన్నారు. మామూలుగా అయితే ఒక పేజీ: పని పేరు, రేటు, పక్కన జీఎస్టీ సంగతి, కింద సంతకం. ఈసారి ఫోన్లో ఆయన చెప్పిందంతా ఏఐకి అప్పజెప్పి, "దీనికి మంచి ప్రపోజల్ రాసిపెట్టు" అన్నాను.

అది రాయలేదు. ముందు నన్ను అడిగింది.

ఘనపరిమాణం ఏ మట్టం నుంచి లెక్కపెట్టాలి అంది. దిబ్బ చుట్టూ ఇప్పుడున్న నేల మట్టమా, దిబ్బ పోయకముందు తీసిన పాత సర్వే ఏదైనా ఉందా? గుంటల్లో నీళ్లు నిలిచాయా? కొలతకు గుర్తులుగా నేల మీద ఉంచే గ్రౌండ్ కంట్రోల్ పాయింట్లు ఎవరు పెడతారు, క్వారీవాళ్ల దగ్గర బెంచ్‌మార్కు ఉందా? బ్లాస్టింగ్ ఏ టైములో చేస్తారు? ఈ రిపోర్టు ఓనరు సొంత లెక్కకా, ఏదైనా శాఖకు సమర్పించడానికా? ముడి ఫొటోలు పని అయ్యాక ఎవరివి?

నోరెళ్లబెట్టాను. ఈ పని చేసేవాడికి ఆ మొదటి ప్రశ్న ఎంత ముఖ్యమో తెలుసు. డ్రోన్ పైనుంచి ఫొటోలు తీస్తుంది, సాఫ్ట్‌వేర్ వాటిని కుట్టి దిబ్బ పైతలాన్ని సెంటీమీటర్ల లెక్కన గీసిపెడుతుంది. అంతవరకు ఎవరూ వేలెత్తి చూపలేరు. దిబ్బ కింద ఏముందో మాత్రం డ్రోనుకు కనపడదు. అడుగు మట్టం మనం అనుకోవాల్సిందే. పది ఎకరాల దిబ్బ అనుకోండి. అడుగు మట్టాన్ని ఒక్క మీటరు పైకో కిందకో జరిపితే లెక్కలో 40 వేల క్యూబిక్ మీటర్ల పైచిలుకు తేడా వస్తుంది. కెమెరా ఎంత ఖరీదైనదైనా ఆ తేడా తీరదు. కాబట్టి అది పని మొదలుపెట్టకముందే కాగితం మీద తేల్చుకోవాలి. ఈ సంగతి నాకు తెలుసు, మా పైలట్లందరికీ తెలుసు. కానీ మేం రాసే కొటేషన్లలో ఎప్పుడైనా ఉంటుందా? ఉండదు. గుట్ట దగ్గర నిలబడి నోటితో చెప్పేస్తాం. నోటితో చెప్పింది బిల్లు టైముకి ఎవరికీ గుర్తుండదు.

నేను ఒక్కోదానికీ తెలుగులో జవాబు చెప్పుకుంటూ పోయాను. కాఫీ తాగుతూ, మధ్యలో మా అమ్మాయి హోమ్‌వర్క్ చూస్తూ. పాత సర్వే లేదు, కాబట్టి చుట్టూ ఉన్న నేల మట్టం తీసుకుంటాం. ఎత్తు 100 మీటర్లు, నా 20 మెగాపిక్సెళ్ల కెమెరాతో పిక్సెల్‌కు 2.7 సెంటీమీటర్లు పడుతుంది. ముందు ఓవర్‌ల్యాప్ 80 శాతం, పక్క ఓవర్‌ల్యాప్ 70. ఫొటోలన్నీ కుట్టిన ఆర్థోమొజాయిక్, సర్ఫేస్ మోడల్, కాంటూర్లు, ఘనపరిమాణం పట్టిక ఇస్తాం. వానొస్తే ఇంకో రోజు, దానికి అదనపు చార్జీ లేదు. క్వారీలో లారీలు ఆపకపోవడంవల్ల మళ్లీ ఎగరేయాల్సి వస్తే మాత్రం ఉంది.

తర్వాత తెర మీద వచ్చిన కాగితం చూసి కాసేపు అలాగే ఉండిపోయాను. నేనే. నా మాటే. కాకపోతే ఇస్త్రీ చేసిన ఇంగ్లిషులో, ఎక్కడ ఉండాల్సింది అక్కడ. పని పరిధి ఒకచోట, కొలిచే పద్ధతి ఒకచోట. మనం ఏం అనుకుని లెక్క కడుతున్నామో ఒకచోట, మన పరిధిలోకి రానివేమిటో వేరే చోట. ఆ చివరి రెండూ నా జన్మలో ఏ కొటేషన్లోనూ లేవు.

మేనేజర్ గారు చదివి ఫోన్ చేశారు. రేటు గురించి బేరమాడతారనుకుని సిద్ధంగా ఉన్నాను. "అబ్బాయ్, ఆ అడుగు మట్టం సంగతి రాశావు చూడు, అది బాగుంది. పోయినసారి వేరేవాళ్లతో దానిమీదే గొడవైంది" అన్నారు. బేరం కూడా ఆడారనుకోండి. చీమకుర్తిలో బేరం ఆడకపోతే ఎలా?

అప్పట్నుంచి ఇది నాకో గుమస్తా. రాసిపెట్టే గుమస్తాలు ఎక్కడైనా దొరుకుతారు. రాసేముందు ఎదురు ప్రశ్న వేసే గుమస్తా దొరకడం మాత్రం అదృష్టం. బావమరిది చెప్పినట్టు ఒక ప్రాజెక్ట్ ఫోల్డర్ తెరిచి అందులో నా సరంజామా అంతా పడేశాను. డ్రోన్ల వివరాలు, యూఐఎన్‌లు, ఇన్సూరెన్స్ ముగిసే తేదీ, రేట్ల పట్టిక, నచ్చిన పాత ప్రపోజళ్లు. పైన తెలుగులో ఒక నియమం రాసిపెట్టాను: "తెలియకపోతే అడుగు. ఊహించి అంకె వేయొద్దు, ఖాళీ వదిలెయ్." ఆ ఒక్క వాక్యం ఎంత పని చేస్తుందో చూస్తే గానీ నమ్మరు. ఇప్పుడు వచ్చే చిత్తుప్రతుల్లో పసుపు రంగు ఖాళీలుంటాయి. నేను పూర్తిచేసేవి అవే.

మందు కొట్టే డ్రోన్ దగ్గర కూడా ఇదే వరస. మిర్చి రైతుల కోసం ఒక సొసైటీకి ప్రపోజల్ ఇవ్వాలి. డ్రోన్ బరువు చెప్పాను. "ఇది ఖాళీ బరువా, బ్యాటరీ, మందు ట్యాంకు నిండాక బరువా?" అని అడిగింది. ఎందుకంటే వర్గం నిర్ణయించేది ఆ మొత్తం బరువే. 250 గ్రాములు దాటకపోతే నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్, 150 కిలోల వరకు మీడియం, ఆపైన లార్జ్. 10 లీటర్ల ట్యాంకున్న యంత్రం నిండినప్పుడు 25 కిలోల గీతకు ఎంత దగ్గరగా వస్తుందో కొన్నవాడికి తెలుసు. గీత దాటితే పైలట్ సర్టిఫికెట్ కూడా ఆ వర్గానిదే ఉండాలి. సొసైటీవాళ్లు ఆ ప్రశ్న అడగరు. ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్‌వాళ్లు అడుగుతారు. నానో తప్ప మిగతా అన్నిటికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి కదా, ఆ పాలసీ కాగితం మీద ఏం రాసుందో ఆరోజే అందరూ చదువుతారు.

ఎయిర్‌స్పేస్ సంగతికొస్తే, డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో రంగుల జోన్లతో చూపే మ్యాపు చూసుకోవాల్సింది నేనే, ఏఐ కాదు. ఆకుపచ్చ జోన్లో 400 అడుగుల వరకు అనుమతి అక్కర్లేదు. పనిచేసే విమానాశ్రయం సరిహద్దు నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య అయితే ఆ స్వేచ్ఛ 200 అడుగుల వరకే, ఆపైన పసుపు జోన్, అనుమతి కావాలి. మా వైపు ఇంకో తమాషా ఉంది. బాపట్ల పక్కన సూర్యలంకలో వైమానిక దళం స్థావరముంది. కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీదే అత్యవసర రన్‌వే ఉంది. 2022 డిసెంబరులో, మళ్లీ 2024 మార్చిలో అక్కడ వైమానిక దళం విమానాలతో ట్రయల్స్ చేశారు. అలాంటి రోజుల్లో ఆ చుట్టుపక్కల పెళ్లి షూట్ ఒప్పుకుంటే మనం ఎక్కడ తేలతామో చెప్పలేం. అందుకే ఏఐ తయారుచేసిన నా చెక్‌లిస్టులో మొదటి గడి ఖాళీ: ఈరోజు మ్యాపు చూశావా, ఏ టైముకి చూశావు, స్క్రీన్‌షాట్ ఏ ఫైల్లో ఉంది? గడి నింపకపోతే మిగతా కాగితం తయారుచేయదు. నేనే అలా పెట్టమన్నాను, ఇప్పుడు నాకే చిరాకు. ఆ చిరాకు మంచిదే.

అంతా సాఫీగా సాగుతోందని చెప్పను. ఇంకో గ్రానైట్ క్వారీకి ప్రపోజల్ రాస్తూ అది మహా ధీమాగా ఒక నిబంధన ఇరికించింది. ఏటా డ్రోన్ సర్వే చట్టప్రకారం తప్పనిసరి అని. చదవగానే నాకు సంతోషమేసింది, ఎందుకు వేయదు, ఏటా పని దొరుకుతుంది! ఆ నిబంధన నిజంగానే ఉంది. 2021 నవంబరులో ఖనిజ సంరక్షణ నియమాలు మార్చినప్పుడు పెట్టారు. ఏడాదికి 10 లక్షల టన్నులు, ఆపైన తవ్వే ప్లాను ఉన్నవాళ్లో, 50 హెక్టార్లు, ఆపైన లీజున్నవాళ్లో లీజు ప్రాంతంతో పాటు బయట 100 మీటర్ల వరకు డ్రోన్ చిత్రాలివ్వాలి. కానీ అది ఇనుము, సున్నపురాయి లాంటి ప్రధాన ఖనిజాల మాట. గ్రానైట్ చిన్న ఖనిజాల కింద లెక్క, దాని నియమాలు చాలావరకు రాష్ట్రం చేతిలో ఉంటాయి. ఆ వాక్యం అలాగే వెళ్లుంటే ఓనరు గారి ఆడిటర్ నవ్వేవాడు. ఇంకోసారి పాత పద్ధతిలో "రిమోట్ పైలట్ లైసెన్స్" అని రాసింది. 2022 ఫిబ్రవరి సవరణతో లైసెన్సు పోయి, శిక్షణ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ వచ్చిందని దానికి గుర్తుచేయాల్సొచ్చింది. అందుకే ఇప్పుడు రూల్స్ పీడీఎఫ్‌ను ఫోల్డర్లో పెట్టి, "ఏ నియమం రాసినా ఇందులో ఎన్నో నియమమో చెప్పు, లేకపోతే రాయకు" అన్నాను. నోరు మూసుకుని వింటోంది.

ఫొటోలు మాత్రం దానికి పెట్టను. ఇది భయం కాదు, నిబంధన. 2021 ఫిబ్రవరి 15న వచ్చిన జియోస్పేషియల్ మార్గదర్శకాల ప్రకారం అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్ల కంటే సూక్ష్మమైన మ్యాపుల్ని మన దేశంలోనే భద్రపరచాలి, ఇక్కడే ప్రాసెస్ చేయాలి. నా ఆర్థోమొజాయిక్ సెంటీమీటర్లలో ఉంటుంది. ఎక్కడి సర్వరుకు పోతుందో తెలియని చోట దాన్ని ఎందుకు పారేసుకుంటాను? గుమస్తాకు మాటలు చాలు. క్లయింటు ఆధార్ కాపీ, బ్యాంకు వివరాలు కూడా అంతే, నా బీరువాలోనే.

టెండర్ల మాట చెప్పకపోతే ఈ సంబరం సగమే. ఒక మున్సిపాలిటీయో, ఒక ఇరిగేషన్ డివిజనో డ్రోన్ సర్వేకి టెండరు వేస్తే అరవై డెబ్భై పేజీల పీడీఎఫ్ వస్తుంది. అందులో మనకు పనికొచ్చే ముక్క ఎక్కడో నలభయ్యో పేజీలో అనుబంధం కింద ఉంటుంది. మొత్తం చదివాక తెలుస్తుంది, మూడేళ్ల టర్నోవరు ఇంత ఉండాలని. మన దగ్గర అందులో పావు వంతు కూడా ఉండదు. ఇప్పుడు పీడీఎఫ్ ఇచ్చి ఒక్కటే అడుగుతాను: "నాకు అర్హత ఉందా లేదా, లేకపోతే ఏ పేజీలో, ఏ క్లాజు వల్ల?" టీ చల్లారేలోగా జవాబు. చిన్న వ్యాపారంగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నవాడికి ఈఎండీ (టెండరు డిపాజిట్) మినహాయింపు ఈ టెండరులో వర్తిస్తుందా, అనుభవం కింద సబ్‌కాంట్రాక్టు పనులు చూపొచ్చా అని క్లాజు నంబర్లతో సహా చెబుతుంది. నేను ఆ పేజీలు తెరిచి సరిచూసుకుంటాను. చాలావాటికి జవాబు "లేదు" అనే. ఆ "లేదు" ముందే తెలియడం ఎంత గొప్పో, రాత్రంతా చదివి "లేదు" అని తెలుసుకున్నవాడికే తెలుస్తుంది.

తెలుగు ఉత్తరాల దగ్గర మాత్రం గుమస్తాకు కొంచెం తలపొగరు. ఊళ్లో పెళ్లి షూట్ ఉందని ఎస్సై గారికి తెలుగులో ఒక అర్జీ రాయమంటే, గెజిట్ చదివినట్టు రాసుకొచ్చింది. "తమ అమూల్యమైన అనుమతిని ప్రసాదించగలరని సవినయంగా ప్రార్థించుచున్నాను." ఎస్సై గారు చదివేలోపు పెళ్లయిపోతుంది. "ఇంత అక్కర్లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంత ఎత్తు, ఎవరు ఎగరేస్తారు, ఫోన్ నంబరు. అంతే" అన్నాక దారికొచ్చింది. ఇంగ్లిషులో ఉన్న ఒడుపు దానికి మన భాషలో ఇంకా రాలేదు. వస్తుంది.

డబ్బులు వసూలు చేసే ఉత్తరాలు ఇంకో లెవెల్. మనకు మొహమాటం. "సార్, ఆ బిల్లు సంగతి..." అని ఫోన్లో నసగడమే గానీ రాసి అడగడం రాదు. ఇప్పుడు మూడు మోతాదులున్నాయి: గుర్తుచేయడం, గట్టిగా గుర్తుచేయడం, ఫైనల్ రిపోర్టు ఎప్పుడు ఇస్తామో దాన్ని పేమెంటుకు ముడిపెట్టి చెప్పడం. మూడోది పంపాల్సిన అవసరం పెద్దగా రాలేదు. రెండోదాని ఇంగ్లిషు అంత మర్యాదగా ఉండి అంత గట్టిగా తగులుతుంది.

ఇక లాగులు. ఇవి ఎవరికీ ఇష్టం లేని పని. డ్రోన్ నుంచి వచ్చే సీఎస్‌వీ ఫైలు ఇస్తే తేదీల వారీగా, యూఐఎన్ వారీగా రిజిస్టరు కట్టేస్తుంది. ఏ బ్యాటరీ ఎన్ని సైకిళ్లు తిరిగింది, దేని వోల్టేజి సెల్‌కి సెల్‌కి తేడా పడుతోంది అని పట్టిక వేస్తుంది. ఒక బ్యాటరీ మిగతావాటికంటే త్వరగా పడిపోతోందని దాని పట్టికలోనే చూశాను. పక్కన పెట్టేశాను. మందు కొట్టే డ్రోన్ చేను మధ్యలో దిగిపోతే ఏమవుతుందో ఊహించుకోవడం కూడా ఇష్టం లేదు.

ఇప్పుడు నా కన్ను మిర్చి సీజను మీద ఉంది. చేను దగ్గర రైతు పేరు, ఎన్ని ఎకరాలు, ఏ మందు, ఎంత మోతాదు, గాలి ఎటు వీస్తోంది, పక్క చేలో ఏముంది, ఇవన్నీ రాసుకోవాలి. చేతులకు మందు, నోటికి మాస్కు, పెన్ను ఎక్కడ పట్టుకుంటాం? పనిలో పనిగా ఫోన్లో చెప్పేస్తే చాలు. సాయంత్రానికి రైతుకో రసీదు, సొసైటీకో పట్టిక, నాకో లాగు తయారవుతాయి. మా హెల్పర్ కుర్రాడికి ఇప్పట్నుంచే నేర్పిస్తున్నాను. వాడు నిన్న ఫోన్ పట్టుకుని చేను వివరాలన్నీ గడగడా చెప్పేశాడు. గుమస్తా ఊరుకుంటుందా! "పక్క చేలో ఏ పంట ఉందో చెప్పలేదు. చెరువు ఏమైనా ఉందా?" అని అడిగింది. వాడు నా వైపు తిరిగి, "అన్నా, ఇది మీకంటే ఎక్కువ అడుగుతోంది" అన్నాడు. మా వైపు చేనుకు, రొయ్యల చెరువుకు మధ్య చాలాచోట్ల గట్టే హద్దు. పురుగుమందు నాలుగు చుక్కలు గాలికి అటు పడ్డాయంటే రొయ్యల రైతు ఊరుకోడు. వాణ్ని వెళ్లి చూసి రమ్మన్నాను.